పాలపిట్ట నీలం ఎక్కడిది?



విజయదశమి సాయంత్రం జమ్మిచెట్టు దగ్గరకు వెళ్ళడం, పొలిమేర దాటి పాలపిట్టను చూసి ఇంటికి రావడం మనలో చాలామంది ఇళ్ళలో ఉన్న ఆచారమే. తరాల క్రితం రాష్ట్రం మారినా, బడిలో చదివే భాష మారినా, తెలుగు మాట్లాడే ఇంట్లో పెరిగినవారికి ఈ పిట్టను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. మన సరిహద్దు ఊళ్ళలో దీనికి ఒకటికి మించి పేర్లు వినబడతాయి. మనం పాలపిట్ట అంటాం. కన్నడం, ఒడియా మాట్లాడే ఇరుగుపొరుగువారు నీలకంఠం అంటారు. తమిళులు పనంగాడై అంటారు. పనై అంటే తాడిచెట్టు. తల తెగిన తాటిమొద్దు తొర్రలో ఇది గూడు పెట్టడం చూసినవారికి ఆ పేరు తగినదే అనిపిస్తుంది. కర్ణాటక, ఒడిశా, తెలంగాణ మూడూ దీనినే తమ రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు కూడా 2018 వరకు ఇదే రాష్ట్ర పక్షి. ఆ సంవత్సరం దీని స్థానంలో రామచిలుకను ప్రకటించారు.

నీలకంఠం అని పేరేగాని, దగ్గరగా చూడండి, దీని కంఠం నీలం కాదు. గొంతు, రొమ్ము లేత ఊదా కలిసిన గోధుమరంగు. దాని మీద సన్నని తెల్లని చారలు. వీపు మట్టిరంగు. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు తల మీదా, రెక్క అంచునా కాస్త నీలం తప్ప మరేమీ కనబడదు. మిడతను చూసి ఒక్కసారి రెక్క విప్పిందంటే మాత్రం ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా మెరుస్తాయి. మళ్ళీ తీగ మీద వాలి రెక్క ముడిచిందంటే ఆ రంగులన్నీ దాగిపోతాయి.

ఈ నీలం ఎక్కడిది? ఒక పిట్టకు ఒక రంగు, మరో పిట్టకు మరో రంగు ఎందుకు? ఒకే జాతిలోనే ఒకటి ముదురుగా, ఒకటి లేతగా, ఎప్పుడో ఒకటి పూర్తిగా తెల్లగా ఎందుకు పుడుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి మనుషులకు మూడువందల ఏళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్రను ఈనాటి ప్రసంగంలో మీతో పంచుకుంటాను. ఇందులో మన ప్రాంతానికి, మనకు బాగా తెలిసిన ఒక శాస్త్రవేత్తకు కూడా చోటుంది.

ముందుగా ఒక పాత నమ్మకం గురించి మనవి చేస్తాను. 1836లో థామస్ జెర్డన్ అనే వైద్యుడు మద్రాసు సైన్యంలో ఉద్యోగానికి మన దేశం వచ్చాడు. గంజాంలో, నెల్లూరులో పనిచేశాడు. వైద్యం చేస్తూనే పక్షులను పరిశీలించి, 1862, 1864 సంవత్సరాల మధ్య భారతదేశ పక్షులపై పెద్ద గ్రంథం ప్రచురించాడు. పక్షుల దేశీయ నామాలను, వాటిలో తెలుగు పేర్లను కూడా శ్రద్ధగా రాసుకున్నాడు. పాలపిట్టకు ఆ పేరు ఎందుకు వచ్చిందో తాను విన్నది కూడా రాశాడు. ఆవు పాలు సరిగా ఇవ్వకపోతే, ఈ పిట్ట ఈకలను తరిగి గడ్డిలో కలిపి పెడితే పాలు పెరుగుతాయని అప్పట్లో జనం నమ్మేవారట. అంటే ఆ రంగుల ఈకలో ఏదో సారం ఉందని, దాన్ని తరిగి తీసుకోవచ్చునని వారి భావన. పాపం, ఇది మన పల్లెవాసుల భావన మాత్రమే కాదు. ఆ కాలంలో ఐరోపాలోని రసాయన శాస్త్రజ్ఞులు కూడా ఈక రంగును ఒక పదార్థంగానే భావించి, దాన్ని సీసాలోకి దించాలని ప్రయత్నిస్తున్నారు.

వారికంటే రెండువందల ఏళ్ళ ముందే ఒకాయన దీన్ని అనుమానించాడు. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ తాను సూక్ష్మదర్శినిలో చూసిన వింతలను బొమ్మలతో సహా పుస్తకంగా ప్రచురించాడు. అందులో నెమలి ఈక కూడా ఉంది. దాన్ని నీటితో తడిపి చూశాడు. మెరిసే రంగులు మాయమయ్యాయి. అద్దకం రంగు అయితే తడిపినంత మాత్రాన పోకూడదు కదా! కాబట్టి ఈ రంగు కాంతి పరావర్తనం చెందడంలో, వంగడంలో పుడుతున్నదని హుక్ తేల్చాడు. 1704లో న్యూటన్ కూడా కాంతిని గురించి రాసిన గ్రంథంలో, సబ్బుబుడగ మీద కనిపించే రంగులకూ నెమలి పింఛంలోని రంగులకూ కారణం ఒకే తీరుదని, రెండు చోట్లా పలుచని పొరలే మూలమని అన్నాడు. ఎంత గొప్పవారైనా వారి చేతిలోని పరికరాలకు అంతకుమించి చూపు లేదు. విషయం అక్కడే ఆగిపోయింది.

పందొమ్మిదో శతాబ్దంలో రసాయన శాస్త్రం పెరిగింది. ఈకలను ద్రావకాల్లో నానబెట్టి రంగులు తీయడం మొదలైంది. అందులో కొన్ని నిజంగానే బయటికి వచ్చాయి. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో చాలావాటికి కెరోటినాయిడ్లనే వర్ణకాలు కారణమని క్రమంగా తెలిసింది. క్యారెట్‌కూ, పండు మిరపకాయకూ రంగునిచ్చేది కూడా ఈ కుటుంబమే. నలుపు, బూడిద, గోధుమ, ఇటుక రంగులకు మెలనిన్ కారణం. మన జుట్టుకు, చర్మానికి రంగునిచ్చేదీ అదే. 1869లో ఆర్థర్ చర్చ్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు, ఆఫ్రికాలోని టురాకో అనే పక్షి ఎర్రని ఈకలో రాగి ఉన్న ఒక వర్ణకాన్ని కనుగొన్నాడు. కొంచెం క్షారం కలిసిన నీళ్ళలోకి కూడా ఆ ఎరుపు దిగుతుంది.

ఒక్క నీలం మాత్రం ఎవరికీ చిక్కలేదు. నీలి ఈకను ఏ ద్రావకంలో వేసినా నీలం దిగలేదు. పోనీ అని రోట్లో వేసి దంచితే నీలం పొడి రాలేదు. మిగిలింది మట్టిరంగు పొడి. శ్రోతలారా, ఈ సంగతి మీరు కూడా సులభంగా చూడవచ్చు. దారిలో రాలిపడిన నెమలి ఈకో, పాలపిట్ట ఈకో కనబడితే తీసి, వెలుతురు మీ వెనుక నుంచి దాని మీద పడేలా చూడండి. రంగు మెరుస్తుంది. ఇప్పుడు దాన్నే ఎండకు అడ్డంగా పెట్టి, వెలుతురు ఈక గుండా మీ కంటికి వచ్చేలా చూడండి. నీలం కనబడదు. మట్టిరంగే కనబడుతుంది. చూసి మళ్ళీ ఉన్నచోటే పెట్టేయండి.

అప్పుడు శాస్త్రజ్ఞుల చూపు ఆకాశం వైపు మళ్ళింది. ఆకాశంలో నీలిరంగు పదార్థమేదీ లేదు. అయినా అది నీలంగా ఉంటుంది. గాలిలోని అతి చిన్న కణాలు కాంతిని చెదరగొడతాయి, అందులో నీలం ఎక్కువగా చెదురుతుంది అని 1869 ప్రాంతంలో జాన్ టిండాల్ ప్రయోగాలు చేసి చూపాడు. 1871లో లార్డ్ రేలీ దానికి లెక్క కట్టి ఇచ్చాడు. నీలి ఈకలోనూ ఇలాగే సూక్ష్మమైన గాలిగదులు కాంతిని చెదరగొడుతున్నాయని చాలామంది ఒప్పుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో పాఠ్యగ్రంథాల్లో ఈ మాటే స్థిరపడింది.

ఇక్కడ మన కథలోకి సర్ సి.వి. రామన్ వస్తారు. ఆయన 1888లో తిరుచిరాపల్లిలో పుట్టిన తమిళుడు. తండ్రి విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా చేరడంతో ఆయన బాల్యం, బడి చదువు విశాఖలోనే సాగాయి. పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. సముద్రతీరాన ఉన్న ఊరు, రోజూ కళ్ళెదుట నీలిసముద్రం. 1921లో ఓడలో మధ్యధరా సముద్రం మీదుగా వెళ్తూ, సముద్రపు నీలం ఆకాశపు నీడ మాత్రమేనన్న మాటను ఆయన ఒప్పుకోలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని నిరూపించారు. ఆ దారిలోనే నడిచి 1928లో రామన్ ఫలితాన్ని కనుగొన్నారు, 1930లో నోబెల్ బహుమతి పొందారు. ఇదంతా మన పిల్లలు బడిలో చదువుకునేదే.

ఆ తరువాతి సంగతి అంతగా ప్రచారంలో లేదు. 1933లో రామన్ బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా వచ్చారు. 1934లో భారతీయ విజ్ఞాన అకాడమీని స్థాపించారు. ఆ అకాడమీ పత్రిక మొదటి సంపుటంలోనే పక్షుల ఈకల రంగులను గురించి ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. అందుకు ఆయన ఎంచుకున్న పక్షి ఏదో తెలుసా? మన పాలపిట్ట. ఆకాశపు నీలాన్ని ఆయనకంటే బాగా ఎరిగినవారు అప్పుడు లోకంలో అరుదు. అటువంటాయన పాలపిట్ట ఈకను పరీక్షించి, ఇది ఆకాశపు నీలం వంటిది కాదన్నారు. కాంతి చెదరడం ఒక్కటే దీనికి చాలదు, కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి బలపడడం, అణగిపోవడం కూడా ఇందులో ఉండాలని వాదించారు. చెరువులో పక్కపక్కనే రెండు రాళ్ళు వేస్తే, అలలు కలిసేచోట కొన్ని ఎత్తుగా లేస్తాయి, కొన్ని చదునవుతాయి. కాంతిలో జరిగేదీ అలాంటిదే. దీన్ని వ్యతికరణం అంటారు.

రామన్ మాట వెంటనే చెల్లుబాటు కాలేదు. అందుకు తగిన సాక్ష్యం కంటికి చూపించాలి కదా! ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాకగాని ఈక లోపలి భాగాన్ని సరిగా చూడడం సాధ్యపడలేదు. ఈక మధ్యన కాడ ఉంటుంది. కాడకు రెండు వైపులా సన్నని పోగులుంటాయి. మన గోళ్ళు, వెంట్రుకలు దేనితో తయారవుతాయో ఆ జాతి పదార్థమే, కెరాటిన్, ఈ పోగుల్లోనూ ఉంటుంది. నీలి ఈక పోగులో ఇది గట్టిగా ఉండదు. ఇడ్లీని తుంచి చూస్తే లోపల గాలి రంధ్రాలు కనబడతాయి కదా, అలా ఉంటుంది. అయితే ఇడ్లీలో రంధ్రాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఈకలో అవి దాదాపు ఒకే పరిమాణంలో, ఒకే ఎడంతో ఉంటాయి. మిల్లీమీటరును పదివేల భాగాలు చేస్తే, అందులో ఒకటి రెండు భాగాలంత ఉంటాయి. ఆ ఎడం నీలికాంతి తరంగాలకు సరిగ్గా సరిపోయి, వాటిని బలపరిచి వెనక్కు పంపుతుంది. ఆ స్పంజి పొరకు అడుగున నల్లని మెలనిన్ ఉండి, మిగతా కాంతిని మింగేస్తుంది. అందుకే నీలం అంత గాఢంగా కనబడుతుంది. 1998లో రిచర్డ్ ప్రమ్, ఆయన సహచరులు దక్షిణ అమెరికాకు చెందిన కోటింగా అనే నీలి పక్షి ఈకను ఇలా పరిశీలించి, కొలతలు కట్టి, ఆ నీలం తరంగాల కలయిక వల్లనే వస్తున్నదని స్పష్టం చేశారు. రామన్ సందేహం వెలిబుచ్చిన అరవై నాలుగేళ్ళకు ఆ దారి సరైనదేనని తేలింది.

ఇప్పుడు ఈకను దంచితే నీలం ఎందుకు పోతుందో తెలిసింది. దంచితే ఆ గాలిగదులు చితికిపోతాయి. కట్టడం కూలితే రంగు కూడా పోతుంది. ఈకను తరిగి గడ్డిలో కలిపినవారు ఆవుకు పెట్టింది కొంత కెరాటిన్, కొంత మెలనిన్. అంతే. పాలు పెంచే గుణం వాటిలో ఏదీ లేదు.

ఇంతవరకు నీలం సంగతి. ఇక ఒకే జాతి పక్షుల్లో రంగు ఎందుకు మారుతుందన్న రెండో ప్రశ్నకు వద్దాం. దీనికి ఒక్క కారణం కాదు, నాలుగైదు కారణాలున్నాయి.

మొదటిది వయసు, లింగం, ఋతువు. మగనెమలికి పింఛం, ఆడనెమలికి మట్టిరంగు అని అందరికీ తెలుసు. ఇంగ్లండులో జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు 1780లో ఒక వింతను నమోదు చేశాడు. ఒక పెద్దింటావిడ పెంచుకున్న ఆడనెమలి ఎనిమిది మార్లు పిల్లలను చేసింది. దాదాపు పదకొండేళ్ళ వయసులో ఈకలు రాల్చి, కొత్త ఈకలు తొడిగినప్పుడు చూస్తే, మగనెమలి వేషంలో కనబడింది. అప్పటివాళ్ళకు అది అద్భుతం. కారణం తరువాతి కాలంలో హార్మోనుల పరిశోధనతో తెలిసింది. నెమలి, కోడి జాతి పక్షుల్లో అండాశయం నుంచి వచ్చే హార్మోను మగ రంగులను అణచి ఉంచుతుంది. ముసలితనంలోనో, జబ్బు వల్లనో అండాశయం పనిచేయడం మానేస్తే, ఆ అడ్డు తొలగి మగ ఈకలు వస్తాయి. కోడిపెట్ట ముసలితనంలో పుంజులా మారితే ఇంటికి కీడని భయపడిన పెద్దలను మీరు చూసే ఉంటారు. కీడు లేదు. దాని ఒంట్లో జరిగిన మార్పు అది.

ఋతువుతో మారేవి మన చుట్టూ ఎన్నో. వానలు పడగానే మగ గిజిగాడు నెత్తిన పసుపు టోపీ పెడతాడు. గూళ్ళు కట్టే కాలం ముగిసిందా, మళ్ళీ పిచ్చుకలా మామూలు వేషమే. పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు గూళ్ళ కాలంలో తల, మెడ, వీపు నారింజ రంగు తిరుగుతాయి. ఇవి పాత ఈకలు రాలి, కొత్త ఈకలు రావడం వల్ల జరిగేవి. ఊరపిచ్చుకది మరో పద్ధతి. మగపిచ్చుక గొంతు కింది నల్లమచ్చ మీద కొత్త ఈకలకు బూడిదరంగు కొసలుంటాయి. రోజులు గడిచే కొద్దీ ఆ కొసలు అరిగిపోయి, కింది నలుపు బయటపడుతుంది. చొక్కా మార్చకుండానే కొత్త చొక్కా వేసుకున్నట్టు!

రెండో కారణం తిండి. దీనికి సాక్ష్యం చూడాలంటే ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులో ఉన్న పులికాట్ సరస్సుకు వెళ్ళాలి. చలికాలంలో సూళ్ళూరుపేట వైపు వెళ్ళినవారు నీళ్ళలో పొడవాటి కాళ్ళతో నిలబడ్డ రాజహంసలను, ఇంగ్లీషులో ఫ్లెమింగోలనే పక్షులను, చూసే ఉంటారు. వాటి గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదు. పిల్లలు బూడిదరంగులో పుడతాయి. తలకిందులుగా ముక్కు ముంచి, బురదనీటిని వడగట్టి, నాచును, చిన్న రొయ్యజాతి జీవులను తింటాయి. వాటిలో కెరోటినాయిడ్లుంటాయి. అవి ఒంటబట్టి, ఏళ్ళ తరబడి పేరుకొని, ఈకల్లోకి చేరితే ఈ రంగు వస్తుంది. జంతుప్రదర్శనశాలల్లో ఆ తిండి లేకపోతే రాజహంసలు తెల్లబోతాయి. అందుకే అక్కడ వాటి మేతలో ఈ వర్ణకాలను కలుపుతారు. అంటే గులాబీ రంగు రాజహంస, తాను మేసిన నీటి మంచిచెడ్డలను ఒంటి మీద రాసుకొని తిరుగుతున్నదన్నమాట. ఏ పక్షీ కెరోటినాయిడ్లను సొంతంగా తయారుచేసుకోలేదు. పసుపు వర్ణకాన్ని తిని దాన్ని ఎరుపుగా మార్చుకొనే శక్తి మాత్రం కొన్నింటికి ఉంది. ఆ మార్పుకు కావలసిన ఒక జన్యువును 2016లో ఎర్రని కెనరీ పిట్టల్లో కనుగొన్నారు.

మూడో కారణం ఊరూ, వాతావరణం. 1833లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కాన్‌స్టాంటిన్ గ్లోగర్ వాతావరణ ప్రభావం వల్ల పక్షుల్లో వచ్చే మార్పులపై ఒక పుస్తకం ప్రచురించాడు. ఒకే జాతి పక్షులు తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ముదురుగా, పొడి ప్రాంతాల్లో లేతగా ఉంటాయన్నది దానిలోని ముఖ్యమైన పరిశీలన. ఇప్పటికీ దాన్ని గ్లోగర్ నియమం అంటారు. ముదురు రంగు చెమ్మనేలల్లో కనబడకుండా దాక్కోవడానికి పనికొస్తుందని కొందరు చెప్పారు. అంతకంటే ఆసక్తికరమైన కారణం 2004లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో బయటపడింది. తేమ ప్రాంతంలో ఈకలను తినే బాక్టీరియా బలంగా ఉంటాయి. మెలనిన్ ఎక్కువ ఉన్న ఈకను అవి అంత త్వరగా పాడుచేయలేవు. అంటే మెలనిన్ రంగు మాత్రమే కాదు, ఈకకు కాపు కూడా. మన పాలపిట్టలో కూడా ఇటువంటి ప్రాంతీయ భేదం ఉంది. దక్షిణాది పాలపిట్ట ఉత్తరాది దానికంటే కొంచెం చిన్నది, దాని నెత్తి నీలం కొంచెం ముదురు. ఈశాన్యానికి పోతే, అక్కడ దీని దగ్గర చుట్టమైన మరో ముదురు రంగు పిట్ట ఉంది. ఆ రెండూ కలిసేచోట మధ్యరకం రంగులవి కూడా కనబడతాయి. భాషలు కలిసే సరిహద్దులో మాట యాస మారినట్టే ఇదీనూ.

నాలుగో కారణం వంశం, అంటే జన్యువులు. ఒక్కొక్కసారి మెలనిన్ తయారీలో లోపంతో తెల్లకాకి పుడుతుంది. అసలు మెలనినే లేకపోతే కళ్ళు కూడా ఎర్రగా కనబడతాయి. అటువంటి పక్షులకు చూపు మందం. ఎక్కువ కాలం బతకడం కష్టం. ఒళ్ళు తెల్లగా ఉండి కళ్ళు నల్లగానే ఉంటే అది మరో రకం లోపం. జంతుప్రదర్శనశాలల్లోని తెల్లనెమళ్ళు ఈ రకమే. కాకి రెక్కలో అక్కడక్కడా తెల్లపట్టీలు కనబడితే అది జన్యులోపమే కానక్కరలేదు. తిండి సరిగా దొరకకపోవడం కూడా కారణం కావచ్చు.

చిలుకను చూస్తే ఈ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. చిలుక పచ్చదనం రెండు రంగుల కలయిక. లోపల ఇందాక చెప్పిన గాలిగదుల నీలం, పైన పసుపు వర్ణకం. ఈ పసుపు తిండి నుంచి రాదు. చిలుకల జాతి దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. ఏదైనా చిలుకకు పసుపు తయారుకాకపోతే అది నీలిచిలుక అవుతుంది. మెలనిన్ లేకపోతే, నీలానికి వెనుక ఉండవలసిన నల్లతెర పోయి, పసుపు చిలుక అవుతుంది. పంజరాల్లో పెంచే బడ్జి పిట్టల్లో నీలిరంగు ఎందుకు వస్తుందో 2017లో తేలింది. ఒకే ఒక్క జన్యువులో ఒక చిన్న మార్పు. అంతే తేడా.

శ్రోతలారా, ఈ నాలుగు కారణాలను కలిపి చూడండి. పక్షి రంగులో దాని తల్లిదండ్రులున్నారు, అది తిన్న తిండి ఉంది, దాని వయసూ ఆరోగ్యమూ ఉన్నాయి, అది పుట్టిన నేల ఉంది, మీద పడే వెలుతురు ఉంది. పక్షి బతుకంతా కలిస్తే ఆ రంగు. దాన్ని పక్షి నుంచి వేరుచేసి మనం ఇంటికి తెచ్చుకోలేం. ఈ సంగతి తెలియకనో, తెలిసినా పట్టించుకోకనో మనుషులు చేసిన పనులు చరిత్రలో ఉన్నాయి.

పందొమ్మిదో శతాబ్దం చివర ఐరోపాలో దొరసానులు టోపీల్లో రంగు ఈకలు పెట్టుకోవడం వేడుకైంది. మన దేశంలో పాలపిట్టలను, లకుముకి పిట్టలను, తెల్లకొంగలను విపరీతంగా చంపి, తోళ్ళు, ఈకలు ఓడలకెక్కించారు. 1887లో అడవిపక్షుల రక్షణకు ఒక చట్టం వచ్చింది. గూళ్ళు పెట్టే కాలంలో అప్పుడే చంపిన పక్షులను పట్టణాల్లో అమ్మకూడదన్నది దాని సారాంశం. అది చాలలేదు. 1902లో భారత ప్రభుత్వం పక్షుల తోళ్ళు, ఈకల ఎగుమతినే నిషేధించింది. దొంగచాటు వ్యాపారం ఆ తరువాత కూడా కొన్నాళ్ళు సాగింది. 1921లో బ్రిటన్ దిగుమతిని నిషేధిస్తూ చట్టం చేసింది. స్వతంత్ర భారతంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పాలపిట్టను పట్టడం, పంజరంలో ఉంచడం, అమ్మడం నేడు నేరం.

దొరసానుల టోపీలు పోయాయి. మన దసరా మిగిలింది. పండగకు ముందు కొందరు వలలు పన్ని, జిగురు పుల్లలు పెట్టి ఈ పిట్టలను పట్టుకుంటారు. కాళ్ళకు దారం కడతారు. ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరిస్తారు. పంజరంలో ఇంటింటికీ తిప్పి, దర్శనం చేయించి, డబ్బు తీసుకుంటారు. పండగ అయ్యేసరికి చాలా పిట్టలు తిండి లేక, నీరు లేక చచ్చిపోతాయి. బతికినవాటిని వదిలినా, కత్తిరించిన రెక్కతో అవి ఎంతదూరం ఎగరగలవు? ఏ రెక్క విప్పినప్పుడు కనబడే నీలం కోసం మనం పొలిమేరకు వెళ్తున్నామో, ఆ రెక్కనే కత్తిరించి చూపిస్తుంటే చూసి దండం పెట్టడం ఏం శుభం?

అసలు ఆచారంలో ఉన్న మాట వేరు. ఊరు దాటి వెళ్ళి, పొలాల్లో స్వేచ్ఛగా ఎగిరే పిట్టను చూడాలి. చూడడానికి వెళ్ళాలి. ఇంటికి తెప్పించుకోవాలని ఎవరూ చెప్పలేదు. పంజరం పట్టుకొని గుమ్మంలోకి వచ్చినవారికి పైసా ఇవ్వకండి. అటవీశాఖ వారికి తెలియజేయండి. కొనేవారు లేకపోతే పట్టేవారు ఉండరు.

రైతు సోదరులకు మరో విన్నపం. పాలపిట్ట గింజలు తినదు. మిడతలు, పెంకుపురుగులు, గొంగళిపురుగులు దాని ఆహారం. చేలో ఒక పంగకర్ర పాతితే దాని మీద కూర్చుని రోజంతా కాపలా కాస్తుంది. పురుగుమందులు అతిగా చల్లితే దానికి తిండి పోతుంది. ఎండిన తాళ్ళను, తొర్రలున్న ముసలి చెట్లను పూర్తిగా కొట్టేస్తే దానికి ఇల్లు పోతుంది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక, తగ్గిపోతున్న పక్షుల్లో పాలపిట్టను కూడా చేర్చి, దాని స్థితిని మళ్ళీ అంచనా వేయాలని సూచించింది. ఒకప్పుడు ప్రతి తీగ మీదా కనిపించిన పిట్ట గురించి వచ్చిన మాట ఇది. తేలికగా తీసుకోదగినది కాదు.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక చిన్న సూచన. పిల్లలకు ఒక పాత నోటుపుస్తకం ఇవ్వండి. ఊళ్ళో కనబడిన పిట్ట పేరు, ఇంట్లో మాట్లాడే భాషలోనూ, బడి భాషలోనూ రాయించండి. ఏ నెలలో ఏ రంగులో ఉందో రాయించండి. తెల్లకొంగ మెడ ఎప్పుడు నారింజ తిరిగింది, గిజిగాడికి పసుపు ఎప్పుడు వచ్చింది, ఎక్కడైనా వింతరంగు పిట్ట కనబడిందా, దాని కళ్ళు ఏ రంగు? రెండేళ్ళు ఇలా రాస్తే, ఆ ఊరి వానలూ, పంటలూ, నీళ్ళూ ఎలా ఉన్నాయో ఆ పుస్తకమే చెబుతుంది. అటువంటి పిల్లలు తెల్లకాకిని చూసి రాళ్ళు విసరరు. దాన్ని చూసి, దిగులుపడే పెద్దలకు కారణం విడమరిచి చెబుతారు.

పాలపిట్ట నీలం కోసం హుక్ కాలం నుంచి రామన్ వరకు, రామన్ నుంచి నేటి వరకు ఎందరో శ్రమించారు. వారు చివరకు తేల్చిన విషయాన్ని రేపు పొలానికి వెళ్ళేటప్పుడు తీగ మీది పిట్టను చూసి ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఆ నీలం దాని ఈకలో దాచుకున్న సరుకు కాదు. అది రెక్క విప్పి, ఎండలోకి ఎగిరినప్పుడు మనకు కనబడే రంగు. దాన్ని ఎగరనిద్దాం.